నాన్నగారి ఎస్టీమ్‌కు టర్బో ఇంజన్ వేయించాలా?

ప్రశ్న: నమస్కారం అండి. మాది మల్కాజిగిరి. మా నాన్నగారు 2004లో కొన్న మారుతి ఎస్టీమ్ వీఎక్స్ఐ మా ఇంట్లో ఇంకా నడుస్తోంది. ఏపీ 10 నంబరు. లక్షా నలభై రెండు వేల కిలోమీటర్లు తిరిగింది. నాన్నగారికి ఇప్పుడు 72 ఏళ్లు. చూపు మందగించడంతో ఆరేళ్ల కిందట నడపడం మానేశారు. అప్పటినుంచి నేనే నడుపుతున్నాను. ఆర్‌సీ ఆయన పేరు మీదే ఉంది. 2024లో రెండోసారి ఐదేళ్లకు రెన్యువల్ చేయించాం. కిందటి దసరా సెలవుల్లో అమ్మానాన్నలను, నా భార్యను, పాపను తీసుకుని శ్రీశైలం వెళ్లాను. ఆనకట్ట దాటి సున్నిపెంట వైపు ఎక్కేటప్పుడు ఏసీ ఆపేసినా బండి రెండో గేరు దాటలేదు. వెనక బస్సులు హారన్ మోగిస్తుంటే నాన్నగారు ఒక్క మాట అనలేదు గానీ నాకు చాలా బాధనిపించింది. శివారులో ఒక గ్యారేజీవాళ్లు ప్రమాదంలో దెబ్బతిన్న బాలెనో ఆర్ఎస్ నుంచి తీసిన ఒక లీటరు టర్బో ఇంజన్‌ను దీంట్లో వేసి మూడున్నర లక్షలకు ఇస్తామంటున్నారు. ఆర్‌సీ సంగతి అడిగితే ఎవరూ చూడరన్నారు. ఇంకొక మెకానిక్ పాత ఇంజన్‌కే టర్బో తగిలిస్తే లక్షన్నరలో పని అయిపోతుందన్నాడు. బండిని అమ్మే ఉద్దేశం లేదు. ఈ రెండింటిలో ఏది మంచిది?

జవాబు: రెండూ వద్దండి. మీకు నచ్చని జవాబని తెలుసు. గ్యారేజీకి అడ్వాన్సు ఇవ్వకముందే ఈ మాట మీకు అందాలని మొదటి వాక్యంలోనే రాశాను. టర్బో ఇంజన్లంటే నాకు అయిష్టం ఏమీ లేదు. సైలెన్సర్ గుండా వృథాగా పోయే పొగతో ఒక చక్రాన్ని తిప్పి, అదే ఇరుసు మీద ఉన్న రెండో చక్రంతో గాలిని ఒత్తి ఇంజన్‌లోకి పంపడమనే ఆలోచన ఎప్పుడు తలచుకున్నా అద్భుతంగానే అనిపిస్తుంది. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బూకీ 1905లోనే దానికి పేటెంటు తీసుకున్నాడు. మీ బండికి అది తగదని మాత్రమే నేనంటున్నది.

మీ ఉత్తరంలో ఒక విషయాన్ని మీరు రుజువైపోయినట్టే తీసుకున్నారు. ఎస్టీమ్‌కు బలం చాలదన్నది ఆ విషయం. నాకు అక్కడే సందేహం. 2004 నాటి ఎస్టీమ్ ఇంజన్ 1298 సీసీ, నాలుగు సిలిండర్లు, పదహారు వాల్వులు. కంపెనీ చెప్పిన బలం 85 హార్స్‌పవర్. బండి బరువు 900 కిలోలకు లోపే. 2024లో వచ్చిన కొత్త స్విఫ్ట్ బలం దాదాపు 82 హార్స్‌పవర్, పైగా ఆ బండి ఎస్టీమ్ కంటే కొంచెం బరువెక్కువ. ఆ స్విఫ్ట్‌లో నలుగురు పెద్దవాళ్లు, ఒక పాప కూర్చుని శ్రీశైలం వెళితే ఘాట్ ఎక్కదని ఎవరైనా అంటారా? మలుపు దగ్గర రెండో గేరు ఏ బండికైనా మామూలే. రెండు మలుపుల మధ్య ఉన్న తిన్నని రోడ్డులో కూడా మూడో గేరు అందుకోలేదంటే, ఆ 85లో చాలా భాగం ఎక్కడో పోయిందని అర్థం.

మీరు స్టీరింగ్ పట్టేనాటికి ఆ ఇంజన్‌కు పదిహేనేళ్లు. అది ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఎలా పరిగెత్తేదో మీ చేతికి తెలియదు. తెలిసిన మనిషి మీ ఇంట్లోనే ఉన్నారు. కొత్తలో ఇదే దారిలో వెళ్లి ఉంటే ఆ ఎక్కుడు ఏ గేరులో ఎక్కేవారో, ఏసీ ఆపవలసి వచ్చేదో లేదో ఈ రోజు రాత్రి భోజనాల దగ్గర మీ నాన్నగారిని అడగండి. ఏ బండి ఎక్కడ ఎలా లాగిందో దాన్ని కొన్నవాళ్లకు ఇరవై ఏళ్లయినా గుర్తుంటుంది. గ్యారేజీవాళ్లు చెప్పే మాట కంటే ఆయన చెప్పేది మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఆ తరువాత చేయించవలసింది కంప్రెషన్ టెస్ట్, అంటే ఒక్కో సిలిండర్ గాలిని ఎంత గట్టిగా ఒత్తగలుగుతోందో కొలవడం. గ్యారేజీవాళ్లు ఇది చేశారని మీరు ఎక్కడా రాయలేదు. గంటలోపు అయిపోయే ఈ పరీక్ష చేయకుండా మూడున్నర లక్షల పని ఒప్పుకున్నవాళ్ల మీద నాకు నమ్మకం కలగదు. ఇంజన్ వేడెక్కాక నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పాలి. పెట్రోలూ కరెంటూ అందకుండా కనెక్షన్లు తీయాలి. ఒక్కో రంధ్రానికి గేజి బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని, స్టార్టర్‌తో ఇంజన్‌ను ఐదారు చుట్లు తిప్పాలి. బ్యాటరీ నిండుగా లేకపోతే లెక్క తప్పు వస్తుంది. వచ్చిన నాలుగు అంకెలనూ కాగితం మీద రాసుకోండి. ఒకటి మిగతావాటి కంటే పది శాతానికి మించి తక్కువగా ఉంటే ఆ సిలిండర్‌లో లోపం ఉన్నట్టే. నాలుగూ సమానంగా ఉండి, నాలుగూ తక్కువగా ఉన్నాయంటే ఇంజన్ మొత్తం అరిగిపోయింది.

తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవమనండి. అంకె బాగా పెరిగితే పిస్టన్ రింగులో, సిలిండర్ లోపలి గోడో (బోరు) అరిగాయి, ఎందుకంటే ఆ నూనె కాసేపు సందులను మూసింది. పెరగకపోతే తప్పు పైన ఉంది. వాల్వులు సరిగా మూసుకోవడం లేదు, లేదా హెడ్ గాస్కెట్ (ఇంజన్ పైభాగమైన హెడ్‌ను బిగించేచోట ఉండే పలక) పోయింది. మొదటిదైతే ఇంజన్ దించాలి. రెండోదైతే చాలాసార్లు హెడ్ పనితోనే సరిపోతుంది. ఖర్చులో చాలా తేడా ఉంటుంది.

హైదరాబాదులో ఈ అంకెలు చదివేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. మన ఊరు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. విశాఖపట్నంలో కంటే ఇక్కడ గాలి ఆరు శాతం దాకా పలుచన. మాన్యువల్లో రాసిన అంకె కంటే మన గేజి మీద ఆ మేరకు తక్కువ కనిపిస్తే కంగారు పడనక్కర లేదు. అదే కారణంతో, కొత్త ఎస్టీమ్ కూడా ఇక్కడ 85 బదులు దాదాపు 80 హార్స్‌పవర్‌తోనే నడిచేది. టర్బో ఉన్న బండికి ఈ బెడద దాదాపు ఉండదు. పలుచటి గాలిని కూడా అది కావలసినంత ఒత్తుకుంటుంది. ఘాట్ రోడ్లలో టర్బో కార్లు హాయిగా ఎక్కడానికి ఇది ఒక కారణం, దాన్ని నేను కాదనను.

కంప్రెషన్ బాగానే ఉందని తేలినా మీ బండి బద్ధకానికి వేరే కారణాలు చాలా ఉండవచ్చు. మొదట క్లచ్చు చూడండి. నాలుగో గేరులో నలభై వేగంతో వెళుతూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. ఇంజన్ శబ్దం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్చు జారుతోంది. సైలెన్సర్‌లో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఇరవై ఏళ్లకు లోపల కరిగి మూసుకుపోయి ఉండవచ్చు. అప్పుడు బండి స్టార్ట్ అవుతుంది, నెమ్మదిగా నడుస్తుంది, ఎక్కుడు రాగానే ఊపిరాడనట్టు ఆగిపోతుంది. మీరు రాసిన లక్షణం దీనికి చాలా దగ్గరగా ఉంది కాబట్టి నా మొదటి అనుమానం దాని మీదే. వాల్వులను సరైన సమయానికి తెరిపించే టైమింగ్ బెల్టు మార్చినప్పుడు ఒక పన్ను అటూ ఇటూ పడినా ఇలాగే ఉంటుంది. పెట్రోలు పంపు ఒత్తిడి తగ్గడం, ఫిల్టర్ నిండిపోవడం మామూలే. బ్రేకులు పూర్తిగా వదలకుండా పట్టుకుని ఉండటం కూడా చూశాను. పది కిలోమీటర్లు నడిపి ఆపాక నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి, ఒకటి మిగతావాటి కంటే బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేసింది. పాపం ఇంజన్ బండిని లాగుతూనే ఆ బ్రేకును కూడా లాగుతూ ఉంటుంది.

ఇప్పుడు ఆ బాలెనో ఆర్ఎస్ ఇంజన్ సంగతి. మారుతి 2017లో ఆ కారును తెచ్చింది. 998 సీసీ, మూడు సిలిండర్లు, 102 హార్స్‌పవర్, 150 న్యూటన్ మీటర్ల టార్క్ (ఇంజన్ ఇరుసును తిప్పే బలం). మీ ఎస్టీమ్ కొత్తలో 85, 110. హార్స్‌పవర్ తేడా పదిహేడు దాటదు. టార్క్ తేడా మాత్రం పెద్దదే, అది 1700 ఆర్‌పీఎం దగ్గరే మొదలవుతుంది కాబట్టి ఘాట్‌లో నిజంగా తెలుస్తుంది. మంచి ఇంజన్. దాన్ని ఎస్టీమ్‌లో కూర్చోబెట్టడం దగ్గరే చిక్కంతా.

మౌంటింగులు వేరు, గేర్‌బాక్సు వేరు, కాబట్టి యాక్సిల్ షాఫ్టుల పొడవు వేరు. ఇవన్నీ బాలానగర్‌లో మంచి లేత్ పనివాడు చేసి పెట్టగలడు. ఇంజన్ మౌంటింగ్ బిగించే చోట వెల్డింగ్ చేస్తే పాత రేకు తట్టుకుంటుందా అన్నది మాత్రం అడగండి. మీ బండికి హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ ఉంది. దాని పంపు ఇంజన్ బెల్టుతో తిరుగుతుంది. బాలెనోది ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్, కాబట్టి ఆ ఇంజన్‌కు పంపు బిగించే చోటే ఉండదు. ఈ ఒక్క ప్రశ్న మీ గ్యారేజీవాళ్లను అడిగి చూడండి. ఏం చేస్తారో తడుముకోకుండా చెప్పగలిగితే వాళ్లు ఇంతకుముందు ఈ పని చేసినవాళ్లు. చూద్దాంలే అంటే మీ బండి మీదే నేర్చుకోబోతున్నారు.

ఎస్టీమ్‌లో యాక్సిలరేటర్‌కు తీగ ఉంటుంది. కొత్త ఇంజన్‌లో పెడల్ నుంచి కంప్యూటర్‌కు సంకేతం వెళ్లి, కంప్యూటర్ థ్రాటిల్‌ను తెరుస్తుంది. కాబట్టి పెడల్ కూడా బాలెనోదే కావాలి. ఆ కంప్యూటర్ తాళం చెవిలోని చిప్పును గుర్తుపడితేనే ఇంజన్‌ను నడవనిస్తుంది. చక్రాల వేగం, బ్రేకు స్విచ్చి, మీటర్ బోర్డు, ఇలా చుట్టూ ఉన్న యూనిట్లు పలకకపోతే తప్పు ఉందనుకుని బలం తగ్గించేస్తుంది. పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకే, వందల రెట్ల వాతావరణ పీడనంతో చిమ్మే ఇంజన్ అది. పాత పంపూ పాత పైపులూ దానికి పనికిరావు. అందుకే ఇలాంటి పని తెలిసినవాళ్లు విడి ఇంజన్ ఎప్పుడూ కొనరు. వైరింగ్ తెగకుండా ఉన్న మొత్తం బండిని కొంటారు. మీకు చెప్పిన మూడున్నర లక్షల్లో ఏమేమి వస్తాయో వాళ్లు రాసి ఇచ్చారా? ఇవ్వకపోతే ఆ అంకెకు అర్థం లేదు.

నాకు దగ్గరి మిత్రుడు ఒకరు పాత జెన్‌లో పెద్ద ఇంజన్ వేయించడానికి ఒక షెడ్డులో ఇచ్చారు. ఇంజన్ దిగింది, కొత్తది వారంలో కూర్చుంది. వైరింగ్ దగ్గర పని ఆగింది. ఇవాళ రేపు అంటూ రెండు వానాకాలాలు గడిచాయి. నేను చివరిసారి చూసినప్పుడు బోనెట్ లేదు, సీట్లు ఎలుకలు కొరికాయి, అడుగు రేకు తుప్పు పట్టింది. పాత ఇంజన్ ఎక్కడుందని అడిగితే సమాధానం లేదు. ఆ బండి ఆయనకు అన్నగారు ఇచ్చింది. ఆ రోజు తిరిగి వస్తూ దారంతా ఆయన మాట్లాడలేదు. మీ ఉత్తరం చదువుతుంటే నాకు మొదట గుర్తొచ్చింది ఆ షెడ్డు. మీ బండి అలా కాకూడదు.

కంపెనీలు పాత బాడీలో కొత్త ఇంజన్ పెట్టలేదా అని మీరు అడగవచ్చు. పెట్టాయి. హిందుస్థాన్ మోటార్స్ కాంటెస్సా మొదట అంబాసిడర్ 1.5 లీటరు ఇంజన్‌తో వచ్చి, ఆ బరువు లాగలేక, తరువాత ఇసుజు 1.8 లీటరు ఇంజన్‌తో కాంటెస్సా క్లాసిక్ అయింది. మీ ఎస్టీమ్ కూడా ప్యూజో డీజిల్ ఇంజన్‌తో కొన్నాళ్లు అమ్ముడుపోయింది. వాళ్లు ఇంజన్‌తో పాటు స్ప్రింగులు, గేర్‌బాక్సు, రేడియేటరు అన్నీ లెక్క వేసి మార్చారు, వేల కిలోమీటర్లు నడిపి చూశారు, ప్రభుత్వ పరీక్షలు నెగ్గారు. మన షెడ్డులో ఆ పరీక్ష రోడ్డు మీద మనమే చేయాలి, వెనక సీటులో పిల్లలను కూర్చోబెట్టుకుని.

బ్రేకుల గురించి మీ ఉత్తరంలో ఒక్క మాట లేకపోవడం నన్ను చాలా కలవరపెట్టింది. మీరు సున్నిపెంట వైపు ఎక్కారంటే అంతకుముందు దోమలపెంట నుంచి ఆనకట్ట దాకా దిగారు. ఆ దిగుడే నాకు భయం. వేగం ఎనభై నుంచి వందకు పెరిగితే బ్రేకులు ఆపవలసిన శక్తి సగానికి పైగా, 56 శాతం పెరుగుతుంది. ఎస్టీమ్‌కు ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, 13 అంగుళాల చక్రాలు, గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ లేదు. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక 140 దగ్గరే మరిగిపోవచ్చు. అప్పుడు పైపులో ఆవిరి బుడగలు చేరి, పెడల్ నేలకు ఆనుతుంది గానీ బండి ఆగదు. మీ బండిలో ఈ ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చారు? గుర్తు లేకపోతే ఈ వారమే మార్పించండి. ఇంజన్ గురించి నేను చెప్పినవన్నీ పక్కన పెట్టినా ఇది మాత్రం చేయండి.

పాత ఇంజన్‌కే టర్బో తగిలించడం ఇంజన్ మార్చడం కంటే కూడా చెడ్డ ఆలోచన. గాలిని ఒత్తితే వేడెక్కుతుంది. మే నెలలో మన ఊళ్లో 42 డిగ్రీల గాలిని ఒకటిన్నర రెట్లు ఒత్తి పంపితే, ఒత్తిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ లేకపోతే, ఇంజన్‌లోకి చేరేది దాదాపు వంద డిగ్రీల గాలి. ఆ వేడి గాలి, పెట్రోలు మిశ్రమం ప్లగ్గు నిప్పు అందకముందే తనంతట తాను అంటుకుని పిస్టన్‌ను సుత్తితో కొట్టినట్టు కొడుతుంది. దీన్నే నాకింగ్ అంటారు. బంకులో మనం పోయించేది మామూలు పెట్రోలే. టర్బో లేకుండా నడవడానికి తయారు చేసిన కంప్రెషన్‌తో, అరిగిన రింగులతో, ఆ పెట్రోలుతో ఈ దెబ్బలను మీ ఇంజన్ ఎంతకాలం తట్టుకుంటుంది? టర్బోతో వచ్చిన మొదటి కార్లలో ఒకటైన అమెరికా ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్‌కు 1962లోనే ఈ సమస్య ఎదురైంది. కంప్రెషన్ ఎక్కువ కాబట్టి నాకింగ్ ఆపడానికి నీళ్లు, మిథైల్ ఆల్కహాల్ కలిపిన ద్రవాన్ని ఒక చిన్న ట్యాంకు నుంచి ఇంజన్‌లోకి చిమ్మేవారు. కొన్నవాళ్లు ఆ ట్యాంకు నింపడం మరిచిపోయేవారు. చివరికి కంపెనీయే చాలా కార్ల నుంచి టర్బో విప్పి మామూలు కార్బ్యురేటరు బిగించి ఇచ్చింది. అంత పెద్ద కంపెనీకి కుదరని పని లక్షన్నరలో అయిపోతుందని చెప్పిన మెకానిక్‌ను నమ్మకండి.

చట్టం గురించి ఎవరూ చూడరన్న మాట పూర్తిగా తప్పు. ఆర్‌సీలోని వివరాలు కంపెనీ మొదట నిర్దేశించిన వాటికి భిన్నంగా ఉండేలా యజమాని బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది చట్టంలో చేర్చిన 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకూ ఐదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఈ శిక్ష ఎవరికి? యజమానికి. మీ ఆర్‌సీలో యజమాని మీ నాన్నగారు. మీరు చేయించే పనికి 72 ఏళ్ల ఆయన జవాబు చెప్పవలసి వస్తుంది. గ్యారేజీవాళ్ల పేరు ఆ కాగితాల్లో ఎక్కడా ఉండదు.

ఆర్‌సీలో ఇంజన్ నంబరు, సిలిండర్ల సంఖ్య, సీసీ ఉంటాయి. నాలుగు, 1298 అని రాసి ఉన్న బండిలో మూడు సిలిండర్ల 998 సీసీ ఇంజన్ కనిపిస్తే 2029లో రెన్యువల్‌కు వెళ్లినప్పుడు ఏం చెబుతారు? అంతకుముందే ప్రమాదం జరిగితే, మార్పు సంగతి చెప్పలేదన్న కారణంతో ఇన్సూరెన్స్ కంపెనీ మీ బండి నష్టం ఇవ్వడానికి నిరాకరించవచ్చు. ఎదుటివాళ్లకు గాయాలైతే ఆ పరిహారం చివరికి మీ కుటుంబం మీద పడే ప్రమాదం ఉంది. విడిగా అమ్మే ఇంజన్ ఏ బండిదో, దానికి బిల్లు ఉందో లేదో కూడా తెలియాలి. దొంగ బండి ఇంజన్ అని తరువాత బయటపడితే అది మీ ఇంటి ముందు నిలబడిన కారులో దొరుకుతుంది.

అయితే ఏం చేయాలి? ఆ ఎస్టీమ్ ఇంజన్‌ను తిరిగి 2004కు తీసుకెళ్లండి. కంప్రెషన్ అంకెలు చెప్పిన దాన్నిబట్టి హెడ్ పనో, మొత్తం ఇంజన్ పనో చేయించండి. బోరు అరిగి ఉంటే లేతు మీద దాన్ని కొంచెం పెద్దది చేసి (రీబోర్), దానికి సరిపోయే ఓవర్‌సైజు పిస్టన్లు వేస్తారు. ఇంజన్ దించిన రోజే టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, క్లచ్చు ప్లేటు, మౌంటింగ్ రబ్బర్లు, ఆయిల్ సీళ్లు కొత్తవి వేయించండి, మళ్లీ దించే కూలీ మిగులుతుంది. విడిభాగాలు దొరకవని బెదిరించేవాళ్లు ఉంటారు. వినకండి. ఎస్టీమ్ తయారీ 2007లో ఆగినా, ఇదే 1.3 లీటరు ఇంజన్ కుటుంబం వెర్సాలో, 2005 నాటి మొదటి స్విఫ్ట్‌లో, జిప్సీ కింగ్‌లో నడిచింది. సైన్యం వాడిన జిప్సీ పుణ్యమా అని లోపలి భాగాలు చాలాకాలం తయారయ్యాయి. రాణీగంజ్ దుకాణాల్లో ఓపికగా తిరిగితే చాలావరకు దొరుకుతాయి. పార్టు నంబరు రాసుకుని వెళ్లండి. పాతది విప్పి చేతిలో పట్టుకుని వెళితే ఇంకా మంచిది.

పెట్రోలు పైపులు కూడా మార్పించండి. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2004 నాటి రబ్బరును దాన్ని దృష్టిలో పెట్టుకుని తయారు చేయలేదు. పైపు పగిలి వేడి సైలెన్సర్ మీద పెట్రోలు కారితే ఏమవుతుందో చెప్పనక్కర లేదు.

ఒకవేళ బ్లాకే పగిలిపోయి మీ ఇంజన్ పనికిరాకుండా పోతే, అదే రకం ఎస్టీమ్ ఇంజన్‌ను బిల్లుతో కొని, ముందుగా ఆర్టీఏ అనుమతి తీసుకుని, వేయించాక కొత్త ఇంజన్ నంబరును ఆర్‌సీలో ఎక్కించుకోండి. ఇది చట్టం ఒప్పుకునే దారి. తిరుమలగిరి ఆర్టీఏ కార్యాలయానికి వెళ్లి, ఏ కాగితాలు కావాలో ఇంజన్ కొనకముందే అడగండి.

బ్రేకు డిస్కులు, డ్రమ్ములు, గొట్టాలు, షాకబ్జార్బర్లు, టైర్లు కూడా కలుపుకున్నా, నాకు తెలిసినంతలో మీ మూడున్నర లక్షల్లో సగం దాకా మిగలాలి. ఆ మిగిలింది ఖర్చు చేయకుండా ఉంచండి. టర్బో నడపాలన్న కోరిక అప్పటికీ ఉంటే దానికి మరికొంత కలిపి, కంపెనీ టర్బోతో తయారు చేసిన కారునే సెకండ్ హ్యాండ్‌లో కొనండి. మీకు నచ్చిన ఇంజన్ ఉన్న బాలెనో ఆర్ఎస్ ఉంది. ఫియట్ లీనియా టీ-జెట్ ఉంది, 1.4 లీటర్లు, 114 హార్స్‌పవర్. ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ ఉంది, నడపడానికి ముచ్చటైన బండి, కానీ దాని ఆటోమేటిక్ గేర్‌బాక్సు మరమ్మతు ఖరీదైనది, కొనేముందు తెలిసినవాళ్లతో చూపించండి. అలా కొన్న రోజునుంచి ఇంజన్ ఆయిల్‌ను కంపెనీ చెప్పిన రకమే, చెప్పిన గడువు కంటే ముందే మార్చండి. అవుటర్ రింగ్ రోడ్డు మీద వేగంగా వచ్చి వెంటనే తాళం తిప్పేయకండి. ఒక నిమిషం ఆగి ఆపితే టర్బో ఇరుసు దగ్గరి నూనె మాడిపోదు.

పని పూర్తయ్యాక మొదటి వెయ్యి కిలోమీటర్లు ఇంజన్‌ను గట్టిగా లాగించకుండా, అలాగని ఒకే వేగంతో సాగదీయకుండా నడపండి. ఆ తరువాత ఆయిల్ మార్చి, ముందు వికారాబాద్ వైపు అనంతగిరి గుట్టలకు ఒకసారి వెళ్లి రండి. ఎక్కేటప్పుడు టెంపరేచర్ ముల్లు, దిగేటప్పుడు బ్రేకు పెడల్ గమనించండి. రెండూ నిలకడగా ఉంటే శ్రీశైలానికి బయలుదేరవచ్చు. మన్ననూరు దగ్గర అటవీ గేటు రాత్రిపూట మూస్తారు కాబట్టి తెల్లవారుజామున ప్రయాణం పెట్టుకోండి. మీ నాన్నగారిని ముందు సీటులోనే కూర్చోబెట్టండి.

కంప్రెషన్ టెస్ట్ అయ్యాక ఆ నాలుగు అంకెలూ, ఆయిల్ పోసి కొలిచిన అంకెలూ నాకు రాసి పంపండి. నాలుగూ బాగున్నాయని తేలితే ఇంజన్ జోలికే వెళ్లవద్దు, సైలెన్సర్ విప్పించి కన్వర్టర్‌లోకి టార్చి వేసి చూడమనండి.